క్యాలీఫ్లవర్‌కి వంగపండు రంగు ఎక్కడి నుంచి వచ్చింది?

వంగపండు రంగు క్యాలీఫ్లవర్‌ని మొదటిసారి చూసినవాళ్లకి సాధారణంగా రెండు అనుమానాలు వస్తాయి. ఒకటి, దీనికి రంగేదో పూశారని. రెండోది, వేరే జీవి జన్యువు తెచ్చి ఇందులో ఎక్కించారని. రెండూ తప్పే. ఆ రంగు మొక్క సొంతంగా చేసుకున్నది. అది చేయడానికి కావలసిన జన్యువులు మామూలు తెల్ల క్యాలీఫ్లవర్‌లోనూ ఉన్నాయి, ఆకుపచ్చ క్యాబేజీలోనూ ఉన్నాయి. ఇంట్లో వంట సామగ్రి అంతా ఉండి పొయ్యి వెలిగించేవాళ్లు లేకపోతే ఎలా ఉంటుందో, రంగు విషయంలో ఆకుపచ్చ క్యాబేజీ పరిస్థితి అలాంటిది.

రెండో అనుమానం రావడానికి ఒక కారణం ఉంది. 2008లో స్నాప్‌డ్రాగన్ అనే పూల మొక్క నుంచి రెండు జన్యువులు తీసి టమాటాలో పెట్టి, లోపలి కండ దాకా ఊదాగా ఉండే టమాటాని ల్యాబ్‌లో తయారు చేశారు. ఆ వార్త చదివినవాళ్లు ఊదా కూరగాయ ఏది కనిపించినా అదే కథ అనుకోవడం సహజం. కానీ ఊదా క్యాలీఫ్లవర్, ఎర్ర క్యాబేజీ, ఊదా నూల్‌కోల్, ఊదా కేల్ లాంటివి మొక్కల్లో తమంతట తాము వచ్చిన మార్పులు. మనుషులు చేసింది వాటిని గమనించి, విత్తనం దాచి, మళ్లీ మళ్లీ ఎంచుకోవడం.

రంగు చేసే సరంజామా ఆకుపచ్చ మొక్కలోనూ ఉందని తెలుసుకోవడానికి ల్యాబ్ దాకా వెళ్లక్కర్లేదు. ఆకుపచ్చ క్యాబేజీ నారు గట్టి చలికి గురైతే కాడలూ ఆకుల ఈనెలూ ఊదా రంగుకి తిరుగుతాయి. భాస్వరం సరిగా అందకపోయినా అంతే, ముదురు ఆకుల అడుగు భాగం ముందుగా ఊదాగా మారుతుంది. వాతావరణం వెచ్చబడ్డాక, భాస్వరం అందాక వచ్చే కొత్త ఆకులు మళ్లీ మామూలు పచ్చగానే ఉంటాయి. అంటే ఆ మొక్కకి రంగు చేయడం వచ్చు, అవసరం పడితే చేస్తుంది, అవసరం తీరాక ఆపేస్తుంది. ఎర్ర క్యాబేజీకి మాత్రం ఆపడం అనేది పోయింది. ఈ రెంటి మధ్య ఉన్న తేడా ఏమిటో చూడాలంటే ముందు ఆ రంగు పదార్థం సంగతి కొంచెం తెలియాలి.

ఈ రంగు పదార్థాలని ఆంథోసయనిన్లు అంటారు. గ్రీకులో పువ్వు, నీలం అనే రెండు మాటలు కలిపి 1835లో జర్మనీకి చెందిన లుడ్విగ్ మార్క్వార్ట్ ఇలాంటి పేరు పెట్టాడు. పత్రహరితం కణంలోని హరితరేణువుల్లో ఉంటుంది, నీళ్లలో కరగదు. ఆంథోసయనిన్ అలా కాదు, నీళ్లలో కరుగుతుంది, కణం లోపల రిక్తిక అనే నీటి సంచిలో చేరుతుంది. అందుకే ఎర్ర క్యాబేజీ తరిగితే చేతికి రంగు అంటుతుంది, ఆకుపచ్చ క్యాబేజీ తరిగితే అంటదు. అడ్డంగా కోసిన ఎర్ర క్యాబేజీని దగ్గరగా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది, ఒక్కో ఆకు పైఅంచూ కిందఅంచూ మాత్రమే ముదురు ఊదా, మధ్యలో తెలుపు. రంగంతా ఆకు పై పొరల్లోనే ఉంది. ఊదా నూల్‌కోల్‌లో అయితే ఇది ఇంకా స్పష్టం, తోలు ఊదా, చెక్కితే లోపల కండ తెల్లగా ఉంటుంది. అంటే ఏ పొరలో రంగు పుట్టాలి, ఏ పొరలో పుట్టకూడదు అనేది కూడా జన్యువుల ఆజ్ఞే.

రంగు తయారీ ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలవుతుంది. ప్రోటీన్ల కోసం ప్రతి మొక్కా చేసుకునేదే అది. దాన్ని ఒక ఎంజైమ్ కొంచెం మార్చి తర్వాతి ఎంజైమ్‌కి అందిస్తుంది, అది ఇంకొంచెం మార్చి ముందుకు పంపుతుంది. ఈ వరుసలో కాల్కోన్ సింథేజ్ అనే ఎంజైమ్ దగ్గర సరుకు ఫ్లేవనాయిడ్ల దారిలోకి మళ్లుతుంది. అక్కడ నుంచి మరికొన్ని మెట్లు, చివర్లో డీఎఫ్ఆర్, దాని తర్వాత ఏఎన్ఎస్ అనే ఎంజైమ్‌లు. ఏఎన్ఎస్ దాకా ఆంథోసయనిన్ రంగు ఏమీ కనిపించదు, దాని పని అయ్యాకే రంగు మొదలు. ఆ తర్వాత చక్కెరలు అతికించి, రిక్తికలోకి చేరవేయాలి. ఈ వరుసలో ఒక్క ఎంజైమ్ పూర్తిగా పని మానేసినా రంగు రాదు. దీన్ని గుర్తుంచుకుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది.

మధ్యలో ఎఫ్‌త్రీ ప్రైమ్ హెచ్ అనే ఎంజైమ్ ఒకటుంది, రంగు ఛాయని తేల్చేది అదే. అది పని చేస్తే సయనిడిన్ అనే మూల పదార్థం వస్తుంది, పని చేయకపోతే పెలార్గోనిడిన్ అనే ఎర్రటి పదార్థం వస్తుంది. ఎర్ర తోలు ముల్లంగిలో పెలార్గోనిడిన్ రకాలుంటాయి, ఎర్ర క్యాబేజీలో సయనిడిన్ రకాలు. వంకాయ సంగతి వేరు, దానిది డెల్ఫినిడిన్ అనే మూడో మూల పదార్థం. కాబట్టి క్యాబేజీని మనం వంగపండు రంగు అని పిలుస్తున్నా, రసాయనపరంగా వంకాయ రంగూ క్యాబేజీ రంగూ ఒకటి కావు. సయనిడిన్‌తోనే క్యాబేజీ అంత ఊదాగా కనిపించడానికి, దాని మీద అతికిన చక్కెరలకి మళ్లీ సినాపిక్, ఫెరూలిక్, కౌమారిక్ లాంటి ఆమ్లాలు అతుక్కుని ఉండటం ఒక కారణం. ఆ అదనపు తోకలే రంగుని గట్టిపరుస్తాయి, తొందరగా వెలిసిపోకుండా కాపాడతాయి. ఎర్ర క్యాబేజీ రంగుని ఆహార పరిశ్రమ అంతగా ఇష్టపడటానికి కారణం కూడా ఇదే.

ఇప్పుడు పొయ్యి వెలిగించేవాళ్ల సంగతి. ఎంజైమ్‌ల జన్యువులన్నీ వాటంతట అవి పనిలోకి దిగవు, వాటిని లేపడానికి మూడు రకాల ప్రోటీన్లు జట్టు కట్టాలి. ఒకటి మిబ్ రకం, రెండోది బీహెచ్ఎల్‌హెచ్ రకం, మూడోది డబ్ల్యూడీ40 రకం. మూడూ కలిసి డీఎఫ్ఆర్ లాంటి జన్యువుల ముందు భాగంలో కూర్చుంటేనే అవి పని మొదలుపెడతాయి. జన్యువు ముందుండే ఈ భాగాన్ని ప్రమోటర్ అంటారు. ఏ కణంలో, ఎప్పుడు, ఎంత పని చేయాలో జన్యువుకి చెప్పేది అదే.

ఈ జట్టు గురించి తెలిసినదాంట్లో చాలా భాగం అరబిడోప్సిస్ అనే చిన్న కలుపు మొక్క దగ్గర నేర్చుకున్నదే. ఆ మొక్క కూడా ఆవ కుటుంబమే, అంటే క్యాబేజీకి చుట్టం. 2000లో దాని మీద చేసిన ఒక ప్రయోగంలో పాప్1 అనే ఒక్క మిబ్ జన్యువుని బలవంతంగా ఎక్కువ పని చేయిస్తే మొక్క ఒళ్లంతా ఊదాగా మారిపోయింది. జట్టులో మిగతా ఇద్దరూ అప్పటికే సిద్ధంగా ఉన్నారు, కొరత పడింది మిబ్ ఒక్కటే అని దాంతో తేలింది. క్యాబేజీ పూర్వీకుల్లో ఒకప్పుడు జన్యుసంపద మొత్తం మూడింతలైంది, తర్వాత కొన్ని ప్రతులు రాలిపోయాయి, కొన్ని మిగిలాయి. అందువల్ల ఇలాంటి మిబ్ జన్యువులు క్యాబేజీలో ఒకటికి మించి ఉన్నాయి, వాటిలో అసలు పెత్తనం ఎవరిదో తేల్చడానికి టైమ్ పట్టింది.

తేలింది 2010లో, ఊదా క్యాలీఫ్లవర్ దగ్గర. అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలోనూ అదే ఆవరణలోని అమెరికా వ్యవసాయ శాఖ ల్యాబ్‌లోనూ పనిచేసే బృందం, క్యాలీఫ్లవర్ పువ్వుని ఊదాగా మార్చే పీఆర్ అనే జన్యువు అసలు రూపాన్ని పట్టుకుంది. అది బీఓ-మిబ్2 అనే మిబ్ జన్యువు. ఊదా రకంలో ఆ జన్యువు ముందుండే నియంత్రణ భాగంలో ఒక అదనపు డీఎన్ఏ ముక్క వచ్చి ఇరుక్కుని ఉంది. హార్బింజర్ అనే రకానికి చెందిన గెంతే జన్యువు అది. అలాంటివి ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతూ ఉంటాయి. బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న గింజల మచ్చలు చూసి కనిపెట్టి, 1983లో నోబెల్ అందుకున్నది వీటి గురించే. క్యాలీఫ్లవర్‌లో అది వచ్చి దిగిన చోటు వల్ల బీఓ-మిబ్2 మేలుకుంది. అది మేలుకోగానే ఒక బీహెచ్ఎల్‌హెచ్ జన్యువునీ, ఎఫ్‌త్రీ ప్రైమ్ హెచ్, డీఎఫ్ఆర్, ఏఎన్ఎస్‌లనీ లేపింది. పువ్వు ఊదా అయింది.

గమనించాల్సింది ఏమిటంటే ఇందులో కొత్త ఎంజైమ్ ఒక్కటీ లేదు. తెల్ల క్యాలీఫ్లవర్‌లో లేని సరుకు ఏదీ బయటి నుంచి రాలేదు. నిద్రపోతున్న ఒక జన్యువు పక్కన ఒక డీఎన్ఏ ముక్క పడింది, అంతే.

క్యాలీఫ్లవర్‌తోనే కథ ఆగి ఉంటే ఇదొక విచిత్రం అనుకుని వదిలేయొచ్చు. కానీ తర్వాత ఎర్ర క్యాబేజీని, ఊదా కేల్‌ని, ఊదా నూల్‌కోల్‌ని విప్పి చూస్తే వాటిలోనూ బీఓ-మిబ్2 దగ్గరే మార్పులు కనిపించాయి. మార్పు జరిగిన తీరు మాత్రం ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంది. నూల్‌కోల్‌లో వేరే రకం గెంతే జన్యువు వచ్చి పడింది, క్యాబేజీలో ప్రమోటర్ వరుసే మారిపోయి ఉంది. అంటే ఒక ఊదా మొక్క పుట్టి దాని రంగు మిగతా రకాలన్నిటికీ పాకడం కాకుండా, ఒకే జాతిలో వేర్వేరు వంశాల్లో వేర్వేరు సార్లు, ఒకే తాళం వేర్వేరు పద్ధతుల్లో ఊడింది. ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే గొప్ప సంగతి ఇదే.

ఎందుకు ప్రతిసారీ అదే జన్యువు? కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. యాదృచ్ఛికంగా వచ్చే మార్పుల్లో ఎక్కువ భాగం ఉన్నదాన్ని పాడుచేసేవే. ఎంజైమ్ జన్యువు పాడైతే రంగు పోతుందే తప్ప రాదు. రంగు కొత్తగా రావాలంటే ఆజ్ఞ ఇచ్చే దగ్గర మార్పు రావాలి. ఆజ్ఞ ఇచ్చే జట్టులో డబ్ల్యూడీ40, బీహెచ్ఎల్‌హెచ్ ప్రోటీన్లకి వేరే బాధ్యతలు కూడా ఉన్నాయి, ఆకు మీద నూగు, వేళ్ల మీద నూగు, గింజ తోలు, ఇలా చాలా పనుల్లో వాటి చెయ్యి ఉంది. వాటిని కదిపితే మొక్కలో ఇంకేదో చెదురుతుంది. రంగు కోసమే ఉన్న మిబ్ జన్యువుకి ఆ బరువు లేదు, దాన్ని ఎంత లేపినా మొక్క మామూలుగానే పెరుగుతుంది. జట్టులో కొరత పడేది కూడా అదే. కాబట్టి మార్పులు ఎక్కడెక్కడ వచ్చినా, బతికి, బలిసి, మనిషి కంటికి అందంగా కనిపించి, విత్తనం దాకా వెళ్లినవి ఎక్కువగా ఇక్కడివే.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. మిబ్ జన్యువులన్నీ రంగుని లేపేవే కావు, అణచేవి కూడా ఉన్నాయి. మిబ్ఎల్2 అనేది అలాంటిది, జట్టులోకి దూరి పని సాగకుండా చూస్తుంది. ఎర్ర క్యాబేజీల మీద చేసిన కొన్ని పరిశోధనల్లో ఈ అణచే జన్యువు ఒక ప్రతి పని చేయకపోవడమో, మొత్తంగా ఎగిరిపోవడమో కనిపించింది, అసలు కారణం అదేనని 2018లో ఒక బృందం వాదించింది. లేపేవాడు ఎక్కువ లేచాడా, ఆపేవాడు లేకుండా పోయాడా అని రెండు వాదనలని ఎదురెదురుగా నిలబెట్టడం అంత అవసరం లేదనిపిస్తుంది. వందల ఏళ్లుగా ముదురు రంగు కోసమే ఎంచుకుంటూ వచ్చిన పంటలో రెండు రకాల మార్పులూ పోగుపడటానికి అవకాశం ఉంది. ఏ రకం క్యాబేజీని తీసుకుని చూశారనే దాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది.

వంశపారంపర్యం దగ్గరికి వస్తే, ఊదా క్యాలీఫ్లవర్‌ని తెల్లదానితో సంకరం చేస్తే మొదటి తరం మొక్కల్లో లేత ఊదా కనిపిస్తుంది. దీన్ని అసంపూర్ణ బహిర్గతత్వం అంటారు, పీఆర్ ప్రతి ఒక్కటి ఉంటే కొంత రంగు, రెండు ఉంటే నిండు రంగు. ఆ మొదటి తరాన్ని తమలో తాము కలిపితే రెండో తరంలో నాలుగు పాళ్లలో ఒక పాలు నిండు ఊదా, రెండు పాళ్లు లేత ఊదా, ఒక పాలు తెలుపు అన్న లెక్క వస్తుంది. కాగితం మీద లెక్క ఇంత శుభ్రంగా ఉన్నా పొలంలో అలా కనిపించదు. రంగు ముదురు, లేత తేడాలని మార్చే చిన్న చిన్న జన్యువులు ఇంకా ఉన్నాయి, ఎండా చలీ కూడా తమ వంతు కలుపుతాయి. అందుకే పాతకాలంలో కంటితో చూసి లెక్కలు కట్టినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో సంఖ్యలో జన్యువులు ఉన్నాయన్నారు.

సొంతంగా విత్తనం కట్టుకునేవాళ్లకి ఇక్కడో చిక్కుంది. క్యాబేజీ, క్యాలీఫ్లవర్, బ్రొకోలీ, కేల్, నూల్‌కోల్, ఇవన్నీ చూడటానికి ఎంత వేరుగా ఉన్నా ఒకే జాతి, బ్రాసికా ఒలరేసియా. అన్నిటికీ తొమ్మిది జతల క్రోమోజోములే. పూతకొస్తే తేనెటీగలు వీటి పుప్పొడిని అటూ ఇటూ కలిపేస్తాయి. పైగా ఈ మొక్కల్లో చాలావాటికి తమ పుప్పొడి తమకే పడదు, గింజ కట్టాలంటే పక్క మొక్క పుప్పొడే కావాలి. ఊదా క్యాలీఫ్లవర్ పక్కన ఆకుపచ్చ కేల్ పూస్తే వచ్చే విత్తనం రెంటికీ చెందనిదే అవుతుంది. దూరంగా పెంచడమో, వల కట్టడమో చేయకుండా రంగు నిలబెట్టడం కష్టం.

జాతి దాటి రంగు తెచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. చైనా క్యాబేజీ వేరే జాతి, బ్రాసికా రాపా. గడ్డలోపల దాకా ఊదాగా ఉండే చైనా క్యాబేజీ కోసం దాన్ని ఊదా ఆకుల ఆవ మొక్కతో సంకరం చేశారు. ఇది ఎలా కుదిరిందంటే ఆవ మొక్క తానే రెండు జాతుల కలయిక, అందులో సగం బ్రాసికా రాపా నుంచి వచ్చిందే. ఈ చుట్టరికాలని 1935లో ఊ జాంగ్ చూన్ అనే కొరియా మూలాలున్న శాస్త్రవేత్త త్రికోణంగా గీసి చూపించాడు, మూడు మూల జాతులు మూలల్లో, వాటి జంటల కలయికతో పుట్టిన మూడు జాతులు భుజాల మీద. ఉమ్మడి క్రోమోజోములు ఉన్నచోట జన్యువు ఇటు నుంచి అటు దాటగలదు.

ఇక ఎండ సంగతి. టర్నిప్ గడ్డల్లో కొన్ని రకాలకి భుజాలు మాత్రం ఊదా, మట్టిలో ఉన్న భాగం తెలుపు. జన్యువులు గడ్డంతటా ఒకటే, కానీ వెలుతురు తగిలిన చోటే తయారీ సాగుతుంది. వెలుతురుని కనిపెట్టే ప్రోటీన్లు హెచ్‌వై5 అనే ఇంకో ప్రోటీన్ ద్వారా మిబ్ జన్యువులకి కబురు పంపుతాయి, చీకట్లో ఆ హెచ్‌వై5 నిలవకుండా ముక్కలైపోతుంది. చలి రంగుని పెంచుతుంది. నత్రజని బాగా అందితే రంగు తగ్గుతుంది, ఎందుకంటే నత్రజని అందినప్పుడు రంగుని అణచే జన్యువులు పనిలోకి దిగుతాయి. అందుకే ఒకే ప్యాకెట్ విత్తనం ఒక చోట నల్లగా మెరిసే ఊదా గడ్డలిస్తే ఇంకో చోట వెలిసిన రంగువి ఇస్తుంది. విత్తనం మోసం అని తేల్చేముందు ఎరువూ, చలీ, ఎండా ఎలా ఉన్నాయో చూడటం న్యాయం. తెల్ల క్యాలీఫ్లవర్ మీద అక్కడక్కడా వచ్చే గులాబీ, ఊదా జీర మాత్రం రకం లక్షణం కాదు, ఎండా వేడీ లాంటి ఒత్తిడి వల్ల వచ్చేది.

ఊదా పక్కనే నారింజ రంగు క్యాలీఫ్లవర్‌ని పెట్టి రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. ఆ రెండూ వేర్వేరు. నారింజ రంగు కెరోటిన్, కణంలోని ప్లాస్టిడ్లలో ఉంటుంది, నీళ్లలో కరగదు. 1970లలో కెనడాలోని ఒక తెల్ల క్యాలీఫ్లవర్ పొలంలో ఒక్క మొక్క అలా కనిపించింది, 2006లో దాని జన్యువు దొరికింది. అక్కడా ఒక గెంతే జన్యువే కారణం, కాకపోతే అది దిగింది వేరే జన్యువులో.

ఈ తేడా పొయ్యి మీద తెలుస్తుంది. నారింజ రకం ఉడికినా నారింజగానే ఉంటుంది, ఊదా రకం రంగు నీళ్లలోకి దిగిపోతుంది. ఆ నీళ్లలో నిమ్మరసం పిండితే గులాబీ ఎరుపు, వంటసోడా వేస్తే నీలం, ఇంకా వేస్తే ఆకుపచ్చ. రంగు నిలవాలంటే కొంచెం పులుపు వేసి, తక్కువ నీళ్లతో, తక్కువ సేపు వండాలి. ఈ గుణాన్నే వాడుకుని 2021లో పరిశోధకులు ఎర్ర క్యాబేజీ ఆంథోసయనిన్లలో ఒకదాన్ని ఎంజైమ్‌తో మార్చి, అల్యూమినియంతో కలిపి, కృత్రిమ నీలం రంగుకి బదులుగా వాడదగ్గ నిజమైన నీలాన్ని సాధించారు. ఊదా కూరగాయలు జబ్బులు తగ్గిస్తాయన్న ప్రచారం మాత్రం అతి. తిన్న ఆంథోసయనిన్‌లో చాలా కొద్ది భాగమే ఉన్నది ఉన్నట్టు రక్తంలోకి చేరుతుంది. మంచి కూరగాయ అనే కారణంతో తినడం చాలు.

విత్తనాల వాళ్లకి ఈ రంగు వేరే పనికి కూడా పనికొస్తుంది. ఊదా కాడ లక్షణం ఉన్న రకాన్ని తండ్రిగా, అది లేని రకాన్ని తల్లిగా పెట్టి సంకర విత్తనం కట్టించారనుకోండి. ఆ విత్తనం మొలకెత్తినప్పుడు తండ్రి పుప్పొడితో పుట్టిన మొలకలకి మొదటి రెండాకుల కింద కాడ ఊదాగా ఉంటుంది. తల్లి మొక్క సొంత పుప్పొడితో పొరపాటున కట్టిన గింజలైతే వాటి కాడ పచ్చగా ఉంటుంది. డీఎన్ఏ పరీక్ష అక్కర్లేకుండా, మొలకొచ్చిన కొద్ది రోజుల్లోనే, వంగి చూసి పచ్చ కాడ ఉన్నవాటిని పీకేయొచ్చు.